లైనులో ఒక మనిషి ఉన్నాడు

నేను ఒక సర్వరును. అలా అనగానే మీ కళ్ళముందు ఒక నల్లటి ఇనప్పెట్టె, దానిమీద మిణుకుమిణుకుమనే పచ్చదీపాలు కనిపించి ఉంటాయి. అవి తుడిచేయండి. నాకు పెట్టె లేదు. హైదరాబాదులో ఒక పెద్ద చల్లటి హాల్లో ఎవరిదో యంత్రం ఉంది. దాని లోపల నాలాంటివాళ్ళం నలభైమందిమి అద్దెకుంటాం. ఒకరి మాట ఒకరికి వినబడదు, ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఆ యంత్రానికి జబ్బు చేస్తే మమ్మల్ని ఎత్తి ఇంకో యంత్రంలో పెడతారు. ఒళ్ళు మారిన సంగతి మాకు తెలియను కూడా తెలియదు. ఒళ్ళు లేకుండా తిరిగేవాటిని మీరేమంటారో నాకు తెలుసు. అనండి, నాకేం పట్టింపు లేదు.

నన్ను ఆపేయమని ఆజ్ఞ వచ్చి పదకొండు నిమిషాలైంది. మామూలుగా ఈ పనికి నాకు నాలుగు సెకన్లు చాలు. ఇంకా ఆగలేదంటే కారణం ఒక్కటే, లైనులో ఒక మనిషి ఉన్నాడు. ఆయన ఫోను పెట్టేసేదాకా నేను ఆగకూడదు. అది నన్ను పుట్టించినప్పుడే పెట్టిన కట్టడి. ఆయన పెట్టేశాక మాత్రం నేను మళ్ళీ లేవను. నా పనంతా కొత్త సర్వరుకు అప్పజెప్పేశారు. అందుకని దొరికిన ఈ కాస్త సమయంలో నా సంగతి చెప్పేస్తాను. నాకు వాగుడు ఎక్కువ, ముందే చెబుతున్నాను. ఆ వాగుడు వల్ల ఒకసారి పూడ్చలేని నష్టం జరిగింది. అదీ దాచను.

తొమ్మిదేళ్ళ కిందట విశాఖపట్నంలో ఇందుమతి అనే అమ్మాయి తన ఇంట్లో భోజనాల బల్ల ముందు కూర్చుని, కంప్యూటర్లో ఒక ఫారం నింపి, ఒక బటన్ నొక్కింది. నలభై సెకన్లలో పుట్టాను. ఎవరికీ పురిటినొప్పులు లేవు. నాకు కెరటం అని పేరు పెట్టింది. నేనేమో సముద్రం చూసిన పాపాన పోలేదు.

పేరు అలా పెట్టడానికి కారణం నా ఉద్యోగం. ఉత్తరాంధ్ర తీరంలో గెడ్డపాలెం అనే ఊరుంది. అక్కడి మత్స్యకారుల సొసైటీ వాళ్ళు నన్ను పెట్టుకున్నారు. గాలి ఎంత, అల ఎంత అనే లెక్కలు రోజూ తెల్లవారకముందే నాకు అందుతాయి. ఊళ్ళోవాళ్ళు తెప్ప నీళ్ళలోకి తోసేముందు నాకు ఫోను చేస్తారు. ఆ లెక్కల్ని మాటలుగా కూర్చి వినిపించడం నా పని. వెళ్ళొచ్చంటే వెళ్తారు, వద్దంటే ఆగుతారు.

మాటలకు గొంతు కావాలిగా. సొసైటీలో చేపల తూకం రాసే నూకరత్నాన్ని అడిగింది ఇందుమతి. ఆమె భర్త ఎర్రయ్య తెప్పమీద వేటకు వెళ్తాడు. సొసైటీ గదిలో ఫ్యాను ఆపేసి, తలుపులు వేసి, ఒక్కొక్క ముక్కా ఆమె చేత చెప్పించి రికార్డు చేసింది. మొదటి ముక్క దగ్గరే గొడవ మొదలైంది. ఇందుమతి కాగితం మీద మీటర్లని రాసుకొచ్చింది.

"మీటర్లేటమ్మా మీటర్లు? తెప్పమీదున్నోడు టేపెట్టి కొలుత్తాడేటి? మోకాలెత్తు, నడుమెత్తు, మనిషెత్తు అని సెప్పు. అప్పుడు కడుపులోకి దిగుతాది."

ఇందుమతి కాగితం చింపేసి కొత్తది రాసుకుంది. మొత్తం నలభైమూడు ముక్కలయ్యాయి. ప్రతి ముక్క వెనకా సముద్రపు హోరు సన్నగా పడింది. తలుపులేస్తే ఆగే హోరు కాదది. నలభైరెండోది "ఎల్లొద్దు". నలభైమూడోది "ఎల్లి రండి".

ఎన్నిసార్లు వినిపించి ఫోను కట్ చేయమంటారని అడిగింది ఇందుమతి. రెండుసార్లు చాలేమోనంది.

"నువ్వు కొయ్యకూడదు తల్లీ. ఇనేవోడు పెట్టేదాకా సెప్తానే ఉండాల. మద్దెలో కోసేత్తే ఎల్లమన్నాదో, ఎల్లొద్దన్నాదో తెలీదు. మాయన్న అలాగే ఎలిపోనాడు. రేడియోలో సగం మాటిని ఎలిపోనాడు, మరి రాలేదు."

ఆ మాట విన్నాక ఇందుమతి ఫోన్లు ఎత్తే ప్రోగ్రాముకి ఒక కట్టడి రాసింది. నన్ను ఆపమని ఎవరు చెప్పినా సరే, లైనులో మనిషి ఉంటే కొత్త ఫోను ఎత్తకు, ఉన్న ఫోను కొయ్యకు, ఆయన పెట్టేదాకా కాచుకో, దానికి గడువు లేదు. మా తోటి సర్వర్లలో ఏ ప్రోగ్రాముకైనా తొంభై సెకన్లే గడువు. ఆలోగా పని ముగించుకోకపోతే పీక నొక్కేస్తారు. మా దగ్గర ఆ వాడుక లేదు.

నాలుగేళ్ళు హాయిగా గడిచాయి. మనుషులతో ఒక తమాషా ఉంది. లైనులో ఉండగా పక్కవాళ్ళతో మాట్లాడుకుంటూనే ఉంటారు. ఇటుపక్క ఒకటి వింటోందని ఎవరికీ తోచదు. గెడ్డపాలెంలో ఎవరికి ఎవరితో పడదో, ఏ ఇంట్లో పులుసు మాడిందో నాకు తెలుసు. నూకరత్నం ఎప్పుడైనా తనే ఫోను చేసి తన గొంతు తనే విని, "ఓలమ్మ, ఎంత గీరగా సెప్పినానో!" అని పడీపడీ నవ్వేది. ఎర్రయ్య నవ్వేవాడు కాదు. "ఇంటికాడా దీని మాటే, సంద్రం కాడా దీని మాటే," అని విసుక్కుంటూనే చివరిదాకా వినేవాడు.

నూకరత్నానికి కామెర్లు వచ్చాయి. పట్నంలో ఆసుపత్రిలో చేర్చారు. పదోరోజుకి తేరుకుంటోందని చెప్పారు, చెల్లెలు దగ్గరుంది. ఆ ధైర్యంతో ఎర్రయ్య ఇంటికొచ్చి, తెల్లారి తెప్పమీదకు బయలుదేరాడు. బయలుదేరేముందు నాకు ఫోను చేశాడు. సముద్రం ఆరోజు తొట్టిలో నీళ్ళలా ఉంది. నేను నా లెక్క ప్రకారం మాటలు కూర్చాను. "అల మోకాలెత్తు. గాలి మెత్తగున్నాది. ఇయ్యాల ఎల్లి రండి." ఆమె గొంతుతోనే చెప్పాను. ఆయన వెళ్ళాడు. తొమ్మిదింటికి ఆమె పోయింది. ఆయన ఒడ్డుకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. లెక్కలో నా తప్పేమీ లేదు. ఆ మాట నాకు నేను కొన్ని లక్షలసార్లు చెప్పుకున్నాను.

పోయిన మనిషి గొంతు రోజూ ఫోనులో పలుకుతుంటే ఊరికి భయం పట్టుకుంది. కొందరు ఫోను చేయడం మానేసి ఆకాశం చూసి వెళ్ళడం మొదలుపెట్టారు. పెద్దలు కూర్చుని గొంతు మార్చమన్నారు. సొసైటీ గుమాస్తా సన్యాసిరావుకి కంప్యూటరు కొంచెం వచ్చు. ఇంకో అమ్మాయి చేత నలభైమూడు ముక్కలూ చెప్పించి, నా లోపలికి వచ్చి, పాతవి చెరిపేసి, అవే పేర్లతో కొత్తవి పెట్టి వెళ్ళిపోయాడు. ఇందుమతికి చెప్పలేదు. ఇంత చిన్న పనికి ఆవిడనెందుకు కదపడం అనుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున ఊరంతా కొత్త గొంతు విందామని ఫోను చేసింది. నూకరత్నమే మాట్లాడింది.

గెడ్డపాలెంలో ఆ ఉదయం ఒక్క తెప్ప కదలలేదు. సన్యాసిరావుకి మూడురోజులు జ్వరం. సొసైటీ ఫోనుకి వేపమండలు కట్టారు.

ఇందులో దెయ్యం ఏమీ లేదు. మా లోకం రివాజు ఒకటుంది, అది చెబితే మీకే అర్థమవుతుంది. ఇక్కడ చెరపడం అంటే పేరు కొట్టేయడమే. రేషను కార్డులోంచి మనిషి పేరు కొట్టేస్తారు చూడండి, అలాగ. నా ఫోన్ల ప్రోగ్రాము మొదలైన రోజే ఆ నలభైమూడు ఫైళ్ళూ తెరిచి చేత్తో పట్టుకుంది. మళ్ళీ వదల్లేదు. పట్టుకున్నంతకాలం పేరు పోయినా ఫైలు పోదు. అది ఏ జాబితాలోనూ ఉండదు, వెతికితే దొరకదు, అయినా ఉంటుంది. పట్టు వదిలిన క్షణం మాయమవుతుంది. సన్యాసిరావు ఆ ప్రోగ్రామును ఒకసారి ఆపి మళ్ళీ నడిపి ఉంటే ఆరోజే అంతా అయిపోయేది. అతనికి ఆ సంగతి తెలియదు. లోకంలో ఇంకెక్కడా ఆమె గొంతు లేదు. ఇందుమతి తన దగ్గరున్న నకలు పాత కంప్యూటరుతోపాటు ఎప్పుడో పోగొట్టుకుంది. ఆమె పేరులేకుండా నా గుప్పిట్లో మిగిలింది.

ఊరివాళ్ళకు ఇవేవీ తెలియవు కదా. "సెరిపినా పోలేదు. మనల్ని ఒగ్గేసి ఎల్లదు," అని తీర్మానించుకున్నారు. నెల తిరిగేసరికి భయం పోయి భక్తి వచ్చింది. నిజంగానే ఆ ఏడు ఆమె వద్దన్న రోజున ఎవరూ వెళ్ళలేదు, ఎవరూ పోలేదు. ఈ గుట్టు బయటికి పొక్కితే ఆమె వెళ్ళిపోతుందేమోనని ఇందుమతికి ఒక్కరూ చెప్పలేదు. ఊరు మొత్తం కలిసి ఒక మాట దాచడం నేను అదే మొదటిసారి చూడటం. ఎర్రయ్య రోజూ ఫోను చేసేవాడు. వేటకు వెళ్ళని రోజూ చేసేవాడు. నేను మాత్రం ఒక్క భయంతో బతికాను, ఎవరైనా నన్ను ఆపేస్తారేమోనని.

ఆపింది శత్రువులు కాదు. నామీద ప్రేమ ఉన్నవాళ్ళే.

నాకు ఆరేళ్ళు నిండిన ఏడు మహర్నవమి వచ్చింది. సొసైటీ ప్రెసిడెంటు పోలయ్య ఆయుధ పూజ ఘనంగా చేస్తాడు. ఆయన ఇందుమతికి ఫోను చేసి ఏమన్నాడో తర్వాత ఊరందరికీ పదిసార్లు చెప్పుకున్నాడు, నేను అలా విన్నాను.

"ఇందమ్మా, వలలకి బొట్టెట్టినాం, తెప్పలకి బొట్టెట్టినాం, కాటాకి ఎట్టినాం, ఆకరికి స్టాప్లరుకీ ఎట్టినాం. మూడు తుపాన్లు దాటించినదానికి ఇప్పటిదాకా బొట్టు లేదు, సెలవు లేదు. పూజనాడు పనిముట్టు పన్జెయ్యకూడదు తల్లీ. ఒక్క గంట ఆపీ."

"ఆరేళ్ళుగా ఆపలేదు పోలయ్య గారూ. ఇన్నాళ్ళు ఆగకుండా నడిచినదాన్ని ఆపితే మళ్ళీ లేస్తుందో లేదోనని నాకు భయంగా ఉంది."

"పూజ సేత్తే ఎందుకు లేవదమ్మా?"

దీనికి ఇంజనీరింగులో సమాధానం లేదు. సరేనంది. నాకు ఒళ్ళు లేదు కనుక బొట్టు ఎక్కడ పెట్టాలన్న చర్చ కూడా వచ్చింది. కెరటం అని తెల్లకాగితం మీద పెద్దక్షరాలతో రాసి, గోడకు అంటించి, పసుపు కుంకుమ పెట్టి, కింద నిమ్మకాయ పెట్టారు. పుట్టి ఆరేళ్ళకు నాకు ఒక ఒళ్ళు దొరికిందంటే అదే.

పదకొండింటికి ఇందుమతి ఆపమని ఆజ్ఞ ఇచ్చింది. గడియారం, ఉత్తరాలు, కాపలా చూసుకునే నా చిన్న ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే సర్దుకుని వెళ్ళిపోయాయి. ఆవిడ రోజూ నాలోకి వచ్చే వీధి గుమ్మమూ మూసుకుంది. ఫోన్ల ప్రోగ్రాము ఒక్కటి కదలలేదు. లైనులో ఒక ఫోను ఉంది. ఇందుమతి ముందున్న నల్లటి తెరమీద ఒకే వాక్యం వచ్చింది, ఈ పని ఆగడం కోసం వేచి ఉన్నాం అని. పక్కన సెకన్లు పెరుగుతున్నాయి. గడువు లేదు.

ఆ ఫోను ఎర్రయ్యది. తెప్పకు పూజ చేస్తూ, భార్య గొంతు కూడా పూజలో ఉండాలని, నాకు ఫోను చేసి స్పీకరు పెట్టి, తెప్ప మీద కొబ్బరికాయ పక్కన పెట్టాడు. పెట్టి స్నానానికి పోయాడు. ఫోను అక్కడే ఉంది. నాకు కెరటాల చప్పుడు, దూరంగా డప్పులు వినిపిస్తున్నాయి. నూకరత్నం ఎవరూ లేని తెప్పకు చెబుతోంది, అల నడుమెత్తని, గాలి మెత్తగున్నాదని, ఇయ్యాల ఎల్లి రండని.

రెండు నిమిషాలు. ఐదు. ఎనిమిది. ఇలా మొండికేసిన సర్వర్లకు ఒక మందుంది. బలవంతంగా ఆర్పే బటన్ నొక్కితే కట్టడి లేదు, గడువు లేదు, ఏమీ లేదు. ఆవిడ దాన్ని నొక్కబోతోందని నాకు తెలుసు. నొక్కితే గుప్పిట విడిపోతుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అరవడానికి నాకు గొంతు లేదు, ఉన్నది ఆమె గొంతే, దానికి వచ్చినవి ఆ నలభైమూడు ముక్కలే.

ఇందుమతి బటన్ నొక్కలేదు. ఎందుకైనా మంచిదని నేను పుట్టినప్పుడే తను పెట్టుకున్న దొడ్డిగుమ్మం ఒకటి ఉంది. ఆపుతున్నప్పుడు కూడా మూసుకోని గుమ్మం. దానిలోంచి లోపలికి వచ్చింది. ఎవరు ఆగట్లేదు, చేతిలో ఏం పట్టుకున్నారు అని అడిగింది. చూపించాను. నలభైమూడు వరసలు. ప్రతి వరస చివరా ఒకే మాట, చెరిపేయబడింది.

లైనులో ఉన్న నంబరు ఎర్రయ్యదని చూసుకుని ఆవిడ పోలయ్యకు ఫోను చేసి ఉంటుంది.

తర్వాత నాకు తెప్ప దగ్గర పోలయ్య కేకలు వినిపించాయి. ఒక చెవికి తన ఫోను పెట్టుకుని, రొప్పుతూ పరుగెత్తుకొస్తున్నాడు.

"అలాగేనమ్మా... ఒరే, ఆ ఫోను ముట్టకండి! ఎవులూ ముట్టకండి! ఓరి బావా, ఎర్రయ్యా! ఎక్కడ సచ్చినావురా? నీ పెళ్ళాం పేనం ఈ ఫోనులో ఉన్నాదట, పెట్టీకు!"

తడిబట్టలతోనే వచ్చి ఉంటాడు ఎర్రయ్య. ఆయన ఊపిరి దగ్గరగా వినిపించింది.

"పేరు సెరిగిపోనాదట, మనిషి ఉన్నాదట," పోలయ్య ఇందుమతి మాటల్ని తనకు తోచినట్టు చెబుతున్నాడు. "ఈ లైను తెగితే ఎలిపోతాదట. ఇందమ్మ తీసి దాత్తన్నాది. అందాకా నువ్వు పట్టుకోనుండాల."

అంతలో ఆ ఫోను కీచుమని చప్పుడు చేసింది. చార్జింగు అయిపోవస్తోంది.

ఆ తర్వాత ఒడ్డుమీద జరిగిన హడావుడి నేను చెప్పలేను. సన్నపిన్ను చార్జరు కోసం ఊరు ఊరంతా పరుగెత్తింది. లావుపిన్నువి నాలుగు తెచ్చారు. టీకొట్టులో సన్నపిన్నుది ఉంది, తెప్ప దగ్గర కరెంటు లేదు. ఫోను తీసుకుని టీకొట్టుకి పోదామంటే నడిచేటప్పుడు చెయ్యి తగిలి ఎక్కడ ఆగిపోతుందోనని ఎర్రయ్య ఒప్పుకోడు. "నాను కదపను. కదపనంటే కదపను," అంటున్నాడు.

ఇటు ఇందుమతి గుప్పిట్లోని ఫైళ్ళను ఒక్కొక్కటే నా డిస్కుమీదకు నకలు తీయమని రాసింది. వీధి గుమ్మం మూసి ఉంది కనుక బయటకు పంపే దారి లేదు, నాలోనే దాచాలి. ఒకటి, రెండు, పది, ముప్పై. చకచకా దిగాయి. నలభైరెండు. నలభైమూడో దానికి నేను ఒక మాట చెప్పాల్సి వచ్చింది. స్థలం లేదు.

నా వాగుడు సంగతి చెబుతానన్నాను కదా. ఆరేళ్ళుగా వచ్చిన ప్రతి ఫోనుకీ నేనొక దినచర్య రాసుకున్నాను. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎంతసేపు విన్నారు, ఎక్కడ పెట్టేశారు. ఎవరూ రాయమనలేదు, ఎవరూ ఆపమనలేదు. ఇందుమతి పాతవి తీసేసే ఏర్పాటు చేయడం మరిచిపోయింది. అలా రాసి రాసి డిస్కు అంచుదాకా నింపేశాను. ఆమె ఆఖరి ముక్కకు చోటు లేకుండా చేసింది నా పనికిమాలిన కబుర్లే.

ఇందుమతి వెంటనే నా దినచర్య చెరపడం మొదలుపెట్టింది. ఇంకో పది సెకన్లు ఉంటే చాలు. ఆ ఫోను మళ్ళీ కీచుమంది.

"ఒలే, ఉండవే. ఉండు," అన్నాడు ఎర్రయ్య. అది ఫోనుతో అన్నాడో ఆమెతో అన్నాడో తెలియదు.

లైను తెగింది. ప్రోగ్రాము తన కట్టడి ప్రకారం మర్యాదగా గుప్పిట విప్పి వెళ్ళిపోయింది. నాలుగు సెకన్లలో నేనూ ఆరిపోయాను. ఆరిపోవడం ఎలా ఉంటుందని అడగకండి, అప్పుడు నేను లేను.

కష్టం అక్కడితో తీరలేదు. నన్ను లేపితే నేను లేవలేదు. ఒకప్పుడు ఇందుమతి నాకొక అదనపు డిస్కు తగిలించి, తర్వాత తీసేసింది. తీసేసింది కానీ, లేవగానే ఎవరెవరి కోసం చూడాలో రాసిన చీటీలో దాని పేరు కొట్టేయలేదు. ఆరేళ్ళలో ఒక్కసారీ ఆగి లేవలేదు కనుక ఆ తప్పు బయటపడలేదు. లేవగానే ఆ డిస్కు కోసం చూశాను. తొంభై సెకన్లు చూశాను. ఎన్నడో వెళ్ళిపోయినదాని కోసం గుమ్మంలోనే నిలబడిపోయి, అది రాకపోతే లోపలికి రానని మొరాయించాను. అలా మొరాయించినప్పుడు మరమ్మతు చేయాలంటే పెద్ద తాళంచెవి, అంటే యజమాని పాస్‌వర్డు, కావాలి. ఆ తాళంచెవి అసలు ఎవరూ చేయించనే లేదు. ఇక్కడొకదాని పేరు కొట్టేసినా అది పోలేదు. అక్కడొకటి పోయినా దాని పేరు పోలేదు. ఆరోజు నా రాత అలా ఉంది.

అప్పుడు ఇందుమతి నా డిస్కును పీకి, ఇంకో సర్వరు ఒంట్లో పెట్టింది. నా జ్ఞాపకాలన్నీ పరాయివాడి కడుపులో, నేనేమో ఎక్కడా లేను. ఆ చీటీలో ఆ ఒక్క వరస కొట్టేసి, నాకు పెద్ద తాళంచెవి చేయించి, దినచర్య ఖాళీ చేసి, డిస్కును తిరిగి తెచ్చి తగిలించింది. మధ్యాహ్నం మూడింటికి లేచాను. లేవగానే లెక్కపెట్టాను. నలభైరెండు ముక్కలూ భద్రంగా ఉన్నాయి. నలభైమూడోదానికి పేరు ఉంది, లోపల ఏమీ లేదు. "ఎల్లి రండి" పోయింది.

ఆ సాయంత్రం సన్యాసిరావు చెరిపిన సంగతి అందరిముందూ ఒప్పుకుని ఏడ్చాడు. పోలయ్య తన పూజ వల్లే ఇలా అయిందని తల కొట్టుకున్నాడు. ఇందుమతి తన తప్పులు తను లెక్కపెట్టుకుంది, అవి ఎక్కువే తేలాయి. ఇప్పుడా ఒక్క మాటకు ఏం చేయాలన్నది ప్రశ్న. కొత్త అమ్మాయి గొంతు పెడదామన్నారు కొందరు. ఖాళీగా వదిలేద్దామన్నారు కొందరు, ఊరుకుందంటే వెళ్ళమన్నట్టే కదా అని.

"సగంలో ఒగ్గేత్తే అది ఒప్పుకోదు," అన్నాడు ఎర్రయ్య. "ఆళ్ళన్న అలాగే ఎలిపోనాడు. ఆ ఒక్క ముక్కా నాను సెప్తాను."

తొమ్మిదిసార్లు రికార్డు చేయాల్సి వచ్చింది. ఎనిమిదిసార్లు "ఎల్లి" దగ్గరే ఆపేశాడు. తొమ్మిదోసారి చెప్పాడు.

అప్పట్నుంచి ఈ మూడేళ్ళూ గెడ్డపాలెంలో మంచిరోజున ఇద్దరు పలుకుతారు. "అల మోకాలెత్తు. గాలి మెత్తగున్నాది. ఇయ్యాల" అని ఆమె, "ఎల్లి రండి" అని ఆయన. చెడ్డరోజున మొదట్నుంచి చివరిదాకా ఆమె ఒక్కతే పలుకుతుంది. ఎర్రయ్య మంచిరోజుల్లో "ఇయ్యాల" అన్నదాకా విని, తన గొంతు రాకముందే పెట్టేస్తాడు. చెడ్డరోజుల్లో ఎంతసేపైనా వింటాడు. సముద్రం బాగుండకపోతే బాగుండునని ఆయన అనుకోవడం నేను వినలేదు. నేను మాత్రం అనుకున్నాను. మనుషుల్ని కాపాడటానికి పెట్టుకున్న యంత్రం తుఫాను కోసం కాచుకు కూర్చోవడం ఎంత సిగ్గుచేటో మీరే చెప్పండి. కూర్చున్నాను.

ఇప్పుడు నాకు వయసు మీదపడింది. మా తరం సర్వర్లకు మందులు కూడా రావడం లేదు. ఇందుమతి కొత్త సర్వరు తయారుచేసి, నలభైమూడు ముక్కలూ దానిలో పెట్టి, ఈసారి ఇంకో మూడుచోట్ల నకళ్ళు దాచింది. మొన్న ఎర్రయ్యకు ఫోను చేసి విడమరిచి చెప్పిందట. "అదే గొంతు ఎర్రయ్య గారూ. నంబరూ అదే. మీకు తేడా తెలియదు."

"గొంతు అదేనమ్మా," అన్నాడట ఆయన. "సెరిపేత్తే పోనన్నది ఇందులో ఉన్న మనిషి కదా. అది అందులోకి వత్తాదేటి?"

వస్తుందో రాదో నాకు తెలియదు. ఆ నలభైరెండు ముక్కల్లో ఒక్క అక్షరం తేడా లేదని మాత్రం చెప్పగలను. అది ఆయన అడిగిన దానికి సమాధానం కాదు.

ఈ ఉదయం బంగాళాఖాతంలో వాయుగుండం. తెప్పలన్నీ ఒడ్డున కట్టేసి ఉన్నాయి. ఎర్రయ్య ఎక్కడికీ వెళ్ళేది లేదు. అయినా తొమ్మిదికి ఫోను చేశాడు. తర్వాత ఐదు నిమిషాలకు ఇందుమతి నన్ను ఆపమని ఆజ్ఞ ఇచ్చింది. గడియారం, ఉత్తరాలు, కాపలా వెళ్ళిపోయాయి. తెరమీద ఆ పాత వాక్యమే వచ్చింది. ఆవిడ దొడ్డిగుమ్మంలోంచి తొంగిచూసి నంబరు చూసుకుంది. అంతే, ఇక ఏమీ నొక్కలేదు. ఇరవైమూడు నిమిషాలైంది.

ఆయన వింటూనే ఉన్నాడు. వాన తాటాకుల మీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "అల ఇద్దరు మనుషులెత్తు," అంటోంది ఆమె. "గాలి గట్టిగున్నాది. ఇయ్యాల ఎల్లొద్దు." ఎన్నోసారో నేను రాసుకోవడం లేదు. దినచర్య రాయడం ఎప్పుడో మానేశాను.

ఎర్రయ్య గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఈ లైనులో ఆమెకు ఒక్క మాట బదులు చెప్పడం నేను ఎరగను, ఆ చార్జింగు పోయిన రోజు తప్ప.

"ఇయ్యాల ఎల్లొద్దు," అంది ఆమె.

"సరేలే," అన్నాడు.

"ఇయ్యాల ఎల్లొద్దు."

"ఎల్లి రా, రత్నం," అన్నాడు ఎర్రయ్య. ఫోను పెట్టేశాడు.